సాగిపోయిన బెల్టు

జపాన్‌లోని అమగసాకి బజారులో నా నూడుల్స్ కొట్టు పక్కనే ఉమెహారా తొకుజి రికార్డు ప్లేయర్లు బాగుచేసేవాడు. పనిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా అన్నం సహించేది కాదు. పెళ్లిచూపుల్లో కూర్చున్నా రికార్డు పెట్టే పళ్లెం తిరిగే పద్ధతుల గురించే చెప్పేవాడు. ఇక పెళ్లెలా అవుతుంది?

"రబ్బరు చక్రం ఒరుసుకుని తిప్పేదానికి ఎద్దు బలం. కానీ మోటారు గురక పాటలోకొచ్చేస్తది. బెల్టుది మెత్తని చెయ్యి, గురక రానివ్వదు. ఏళ్లు గడిస్తే సాగిపోయి పాట నెమ్మదిస్తది. పళ్లెం కిందే మోటారుందనుకో, వేగం తప్పదు. లోపలి చిప్పు పోతే మాత్రం ఇప్పుడు చేసేవాడే లేడు," అనేవాడు, గిన్నెలో నూడుల్స్ చల్లారిపోతున్నా.

"ఏదీ మంచిది కాదంటావు. ముందు తిను."

"దేని రోగం దానిదన్నా. తెలుసుకుని వాడుకోవాలి."

ఒక వానాకాలం కితానో సయో అనే ముసలావిడ పాత బెల్టు ప్లేయరు తెచ్చింది. పళ్లెం తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతోంది. భర్త పోయి చాలా కాలమైంది. ఫొటోలన్నీ భూకంపంలో పోయాయి. పెళ్లికి ముందు ఆయన ఒక దుకాణం మేడ మీద గొంతు రికార్డు చేయించుకున్న చిన్న రికార్డు ఒక్కటే మిగిలింది. ఏటా ఆయన పోయిన రోజున దాన్ని పెట్టుకుని వింటుందట.

ఉమెహారా కొత్త బెల్టు వేశాడు. పళ్లెం అంచున ఉండే గీతలు చూసి వేగం సరిచేశాడు. పాతది చెత్తబుట్టలో పడేశాడు. ఆవిడ వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను.

రికార్డు తిరిగింది. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఇది ఆయన కాదండీ. ఆయనది నిదానమైన గొంతు. ఇదెవరో తొందరపడే కుర్రాడు."

"ఇదే అసలు వేగమమ్మా. బెల్టు సాగిపోయి ఇన్నాళ్లూ తప్పుగా వినిపించింది."

వాడి నోరు నొక్కేయాలనిపించింది నాకు. అప్పటికి వాడికీ అర్థమైనట్టుంది, పాత బెల్టు కోసం పరిగెత్తాడు. చెత్త బండి పొద్దున్నే వచ్చి వెళ్లిపోయింది.

పళ్లెం కిందే మోటారున్న తన సొంత ప్లేయరు తెచ్చాడు. దానికి వేగం తగ్గించే మీట ఉంది.

"ఇలాగా అమ్మా?"

"ఇంకొంచెం తగ్గించండి."

"ఇప్పుడో?"

"ఎక్కువైనట్టుంది. ఏమో... మొదటిదే నయమా?"

మళ్లీ మళ్లీ పెట్టారు. చివరికి ఆవిడే ముల్లు ఎత్తేసింది.

"వద్దులెండి. ఏది ఆయన గొంతో నాకే తెలియడం లేదు." మా ఇద్దరి వంకా చూసింది. "ఆయన బతికుండగా ఆయనతో మీరెవరైనా మాట్లాడారా?"

ఇద్దరం తల అడ్డంగా ఊపాం. ఆవిడ రికార్డును గుడ్డలో చుట్టుకుని, వంగి నమస్కరించి, వానలో వెళ్లిపోయింది. ప్లేయరు తీసుకెళ్లలేదు.

ఆ తర్వాత ఉమెహారా ఒక్క పాత బెల్టు కూడా పారేయలేదు. అన్నింటికీ వాటి సొంతదారుల పేర్లు రాసిన చీటీలు కట్టి మేకులకు వేలాడదీశాడు. బతికున్నన్నాళ్లూ ఆవిడ కోసం గుమ్మం వైపు చూశాడు. ఆవిడ రాలేదు. ప్లేయరు ఇప్పుడు నా కొట్లో ఉంది. దాని వేగం ఇప్పటికీ కచ్చితంగానే ఉంది.