నిచ్చెన కిందనుంచి చెప్పిన మాట

మా ప్లంబింగ్ మేస్త్రీ పోయిన మంగళవారం కన్నుమూశారు. బిర్సానగర్‌లో వాళ్ల పక్కింటాయన సైకిలు మీద వచ్చి గుమ్మం బయటినుంచే కబురు చెప్పాడు. ఎనిమిదేళ్లు మంచంలో ఉన్న మనిషి, ఇన్నాళ్లకు బాధ తీరిందన్నారు అందరూ. ఆ మాట అనే అర్హత నాకు లేదు. ఎందుకో చెప్పకుండా ఆయన మంచితనం గురించి రాయలేను.

ఆయన దగ్గర పన్నెండేళ్లు పనిచేశాను. పైపు మరలకు జనపనార చుట్టడం ఆయనే నేర్పారు. వంకరగా చుడితే విప్పించేవారు తప్ప తిట్టేవారు కాదు. "మీ ఆవిడ జడ కూడా ఇలాగే అల్లుతావేటి?" అని నవ్వేవారు.

నిచ్చెన దగ్గర మాత్రం నవ్వు ఉండేది కాదు. చెప్పుల అడుగులు గోనెసంచికి తుడుచుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, గోడవైపే చూస్తూ అడిగేవారు. "పట్టుకున్నావేటి?" "పట్టుకున్నా, ఎక్కండి" అని నేను అంటేనే రెండో కాలు లేపేవారు.

"పైనున్నోడికి కింద ఏటీ కనపడదురా. నీ మాట ఇనే ఎక్కుతాను" అనేవారు.

ఎనిమిదేళ్ల కిందట ఒకరోజు గోల్‌మురిలో ఒక మేడకు ట్యాంకు పైపు బిగిస్తున్నాం. కింద నేలంతా తడి. ఆయన అడిగారు. నేను పక్కకు తిరిగి బీడీ వెలిగించుకుంటున్నాను. చేతుల్లో అగ్గిపెట్టె ఉండగానే, అలవాటు కొద్దీ "పట్టుకున్నా" అనేశాను. ఆయన ఎక్కారు. గాలికి పుల్ల ఆరిపోతే రెండోది గీశాను. ఆయన పై మెట్టు చేరేసరికి నిచ్చెన కాళ్లు జారాయి. వెన్నుపూస విరిగింది. మళ్లీ ఆయన లేచి నిలబడలేదు.

కాంట్రాక్టరు అడిగితే, "నేల తడి, జారిపోనాది" అన్నారు. నావైపు చూడలేదు. నేనూ నోరు విప్పలేదు. ఆయన నా పేరు చెప్పి ఉంటే ఈ ఊళ్లో నన్ను ఎవరూ పనికి పిలిచేవారు కారు. ఇన్నేళ్లుగా నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

ప్రతి ఆదివారం వెళ్లి స్నానానికి ఎత్తి కూర్చోబెట్టేవాణ్ని. చంకల కింద చేతులు పెట్టగానే అడిగేవారు, "పట్టుకున్నావేటి?" అది దెప్పిపొడుపో అలవాటో నాకు చివరిదాకా తెలియలేదు.

మంగళవారం శవం పక్కన కూర్చుని ఆయన భార్యతో అంతా చెప్పేశాను. నేను వదినా అని పిలిచే ఆ మనిషి ఏడుపు ఆపి నన్ను చూసింది.

"నాకు తెలుసు బాబూ. ఆస్పత్రిలోనే సెప్పీసినారు. నువ్వే సెప్తావని పెతి ఆదివారం ఎదురు సూసీవోరు."

చెంపమీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

పాడె ఎత్తేటప్పుడు వెనక వైపు నేను పట్టాను. నా ముందున్నది వాళ్ల చిన్నబ్బాయి. ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు, తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబిస్తాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"చాచా, పకడ్ లియా?"

రెండు చేతులూ వెదురు మీద ఉన్నాయో లేదో చూసుకున్నాను. ఆ తర్వాతే చెప్పాను, పట్టుకున్నానని.