అద్దకం బల్ల మీద నా క్యాసెట్

ఆ రోజుల్లో పాట వినాలంటే ఒళ్ళు వంచాలి. ఫోన్ మీద వేలు పెడితే పలికే పాటలు కావవి. పెడన నుంచి బందరు బస్సెక్కి, క్యాసెట్ల కొట్టాయనకి పాటల చీటీ ఇచ్చి, వారం రోజులు ఆగి, మళ్ళీ బస్సెక్కి తెచ్చుకోవాలి. (చీటీలో లేని పాటలు రెండు తనకి నచ్చాయని ఆయనే ఎక్కించేసేవాడు. అడిగితే, "విని చూడవయ్యా, బాగుంటాయి" అనేవాడు.) అంత కష్టపడి తెచ్చుకున్న పాటని నేనొక్కణ్ణే వింటే ఏం గొప్ప? పదిమందికీ వినిపించాలి. ఆ పదిమందీ మా నాన్న అద్దకం షెడ్డులో దొరికారు, పాపం.

మాది కలంకారీ అద్దకం. చెక్క అచ్చుని రంగులో అద్ది, బట్ట మీద పెట్టి, అరచేత్తో ఒక్క గుద్దు గుద్దాలి. ముందు నల్ల గీత అచ్చు, తర్వాత ఆ గీత లోపల సరిగ్గా కూర్చునేలా ఎర్రరంగు అచ్చు. వెంట్రుకవాసి జరిగినా బట్ట పాడే. ఆ పని జరిగినంతసేపూ నాన్న నాటకం పద్యాలు పాడేవాడు. పాదం ఎత్తుకున్నప్పుడు అచ్చు పెట్టడం, రాగం తీస్తున్నంతసేపూ సరిచూసుకోవడం, రాగం దిగాక గుద్దడం. పనివాళ్ళంతా అదే వరసలో అద్దేవాళ్ళు. అదీ పనిలో భాగమేనని నాకేం తెలుసు? ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ణి, నాకు అన్నీ తెలుసు మరి.

ఒకరోజు నాన్న రాగం మధ్యలో ఉండగా టేప్ రికార్డర్ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, అందరి ముందూ అనేశాను.

"ఆపు నాన్నా. నువ్వా రాగం లాగి లాగి వదిలేలోపు ఇంకో దుప్పటి అద్దేయొచ్చు."

అందరూ గొల్లున నవ్వారు. నాన్నా నవ్వాడు. "సరే, పెట్టరా మీ పాటేదో. విందాం."

పెట్టాను. అబ్బో, ఏం ఊపు! చేతులు వాటంతటవే లేచాయి. మేమంతా అచ్చుల మావయ్య అని పిలిచే పెద్ద మేస్త్రీ నడుం కూడా ఊపాడు. రోజంతా అద్దాల్సిన దుప్పట్లు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఆరేసి చూస్తే ఏముంది, చిలకలన్నిటికీ ముక్కులు మెడల మీదున్నాయి. నెమళ్ళ రంగులు నెమళ్ళని వదిలేసి పక్కన నడుస్తున్నాయి. "ఓరి నీ పాట తగలెయ్య!" అని అచ్చుల మావయ్య నెత్తి పట్టుకున్నాడు.

మాకు పనిచ్చే బందరు షావుకారు వచ్చి, దుప్పటి దులిపి చూసి, "ఏంటండీ ఇది?" అన్నాడు. నేను మూల నిలబడ్డాను. నాన్న నా వైపు చూడనైనా చూడలేదు.

"తప్పు నాదేనండీ. కళ్ళు ఆనట్లేదీ మధ్య."

అంతే, ఆయనిచ్చే సన్న అచ్చుల పనంతా ఇంకో షెడ్డుకి వెళ్ళిపోయింది. నాన్న మళ్ళీ పాడలేదు. "పాడు బావా" అని అచ్చుల మావయ్య అడిగితే, "ఎందుకులే బావా, లాగుడెక్కువ" అనేవాడు. అది విన్న ప్రతిసారీ నాకు చెంప పగిలినట్టుండేది. అయినా తప్పయిపోయిందని అన్నానా? లేదు. పౌరుషం! ఆయన పోయేదాకా అనలేదు.

ఇప్పుడు గుడివాడలో ఉంటున్నాం. మొన్న మా అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని తల ఊపుతుంటే, "అదేం పాటే, రేకు డబ్బాలో రాళ్ళేసినట్టు? మా నాన్న పద్యం వినుండాల్సింది నువ్వు" అన్నాను. (ఎంత సిగ్గులేనితనమో చూడండి.) అది విసుక్కోలేదు. "ఏ పద్యం? చెప్పు డాడీ, వెతుకుతా" అంది. అర నిమిషంలో పెట్టేసింది. ఎవరో పాడుతున్నారు, బాగానే పాడుతున్నారు.

"ఇదేనా?"

"మాటలవే. మా నాన్న ఇలా పాడేవాడు కాదు."

"మరెలా? నువ్వు పాడు, రికార్డ్ చేస్తా."

ఫోన్ నా నోటి దగ్గర పెట్టింది. గొంతు సవరించుకున్నాను. మొదటి పాదం వచ్చింది. రెండోదీ ఎలాగో వచ్చింది. అక్కణ్ణుంచి నాన్న గొంతు ఎటు తిరిగేదో, ఎంతసేపు నిలిచేదో, ఎక్కడ దిగేదో, ఎంత తన్నుకున్నా రాలేదు. ఎలా వస్తుంది? ఆ రాగం ఎప్పుడు అయిపోతుందా అని కాచుకు కూర్చున్నవాణ్ణి.

"ఇంతేనమ్మా నాకు తెలిసింది" అని నవ్వేశాను. అమ్మాయి ఆ రెండు పాదాలే దాచుకుంది.