పొత్తిగుడ్డల మూట

నిన్న పొద్దున బీరువా అమ్మేశాను. నిలువుటద్దం ఉన్న పాత ఇనుప బీరువా, ఉద్యోగంలో చేరిన కొత్తలో భద్రాచలంలో కొని, బదిలీ అయిన ప్రతి ఊరికీ ఎడ్లబండ్ల మీదా లారీల మీదా మోయించుకుని తిరిగినది. కొన్న మనిషి తలుపు తెరిచి, ఖాళీ అరలన్నీ చూసి, మరి బట్టలెక్కడ పెట్టుకుంటవమ్మా అని అడిగాడు. దండెం మీది నాలుగు చీరలూ, తలుపు వెనక మేకుకు తగిలించిన నైటీ చూపించాను. నన్ను దిక్కులేని మనిషి కింద జమకట్టాడని ఆయన ముఖంలోనే తెలిసిపోయింది, బేరం కూడా ఆడలేదు. దిక్కులేనిదాన్నేమీ కాదు, నెలనెలా పెన్షను అందుకునే నర్సమ్మను. బట్టలు లేక కాదు, అక్కర లేక తీసేశాను. ఈ వయసులో దాచుకునేదేముంది గనక, చెప్పేస్తాను. కొలువు నుంచి దిగిపోయిన నాటి నుంచి నా ఇంట్లో, నా తలుపులు వేసుకుని, ఒంటి మీద నూలుపోగు లేకుండానే ఉంటున్నాను. వంట అట్లాగే, ఇల్లు ఊడ్చుకోవడం అట్లాగే, మధ్యాహ్నం చాప మీద నడుం వాల్చడం అట్లాగే.

నా ఈడు ఆడవాళ్ళు ఇక్కడిదాకా చదివి ముక్కు మీద వేలేసుకుంటారని తెలుసు. వేసుకోండి, కానీ వేలు తీశాక ఒకసారి మీ నడుము చూసుకోండి. లంగా బొందు కట్టీ కట్టీ చుట్టూ నల్లటి చార ఒకటి పడి ఉంటుంది, ఎండాకాలం వస్తే అక్కడే దురద, అక్కడే పుండు. చిన్నప్పుడు వేసవి సాయంత్రాలు వాకిట్లో నులకమంచం మీద ఒట్టి చెడ్డీతో దొర్లిన పిల్లనే నేను, మా అమ్మ నాకు లంగా ఓణీ కట్టిన రోజుతో ఆ వాకిలీ ఆ గాలీ మా ఇంటి మగపిల్లల సొత్తయిపోయాయి. అమ్మ ఆనాడు బిగించిన ముడి నేను రిటైరయ్యే దాకా వదులు కాలేదు. ఇప్పుడు నా నడుము మీది చార దాదాపు మాసిపోయింది, నాకు మిగిలిన సంతోషాల్లో అదొకటి.

ఇది ముసలితనంలో పుట్టిన బుద్ధి అనుకోకండి. నా మొదటి పోస్టింగు దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక సబ్‌సెంటరు. గంజి పెట్టిన తెల్లచీర, లోపల లంగా, మోచేతుల దాకా జాకెట్టు, దాని కింద మరొకటి. ఆ వేషంతో ఎండలో ఊరూరా నడిచి క్వార్టరుకు వచ్చేసరికి గంజీ చెమటా కలిసి ఒంటికి అట్ట కట్టేవి. రేకుల కప్పు, కరెంటు లేదు. ఒక మే నెల మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి, అన్నీ విప్పేసి, నీళ్ళు చల్లిన నాపరాళ్ళ మీద వెల్లకిలా పడుకున్నాను. సిగ్గు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. అది రాలేదు, నిద్ర వచ్చింది. పుట్టిన ఒళ్ళనూ, పోయిన ఒళ్ళనూ, నొప్పులతో మెలికలు తిరిగే ఒళ్ళనూ రోజూ నా చేతులతో కడిగేదాన్ని, నా ఒళ్ళు ఒక్కటే దాచిపెట్టుకోవలసిన దొంగసొత్తు అని నాకెప్పుడూ అనిపించలేదు. అట్లాగని బయటికి వెళ్ళేటప్పుడు కొంగుకు పిన్ను పెట్టుకోకుండా ఏనాడూ గడప దాటలేదు.

ఆ రోజుల్లో కాన్పుకు పిలిస్తే ఇంట్లో అడుగు పెడుతూనే నీళ్ళు కాగబెట్టమనేదాన్ని, ఆ వెంటనే ఒక పాతచీర తెమ్మనేదాన్ని. పుట్టిన బిడ్డను కొత్తగుడ్డలో చుట్టరు, మీకు తెలిసిందే. కొత్తది గరుకు. పైగా నిండుగా బతికిన పెద్దావిడ కట్టీ కట్టీ మెత్తబడిన చీరలో చుడితే ఆ బిడ్డ కూడా బతికి బట్టకడుతుందని నమ్మకం. అయితే ఆ ఊళ్ళల్లో చాలా ఇళ్ళల్లో పాతచీర అంటూ వేరే ఉండేది కాదు. ఒక ఇంట్లో ముసలమ్మ గుడిసె అంతా వెతికి వచ్చి, చేతులు తిప్పి, "పాతది ఏడున్నదమ్మా, కట్టుకున్నదే పాతది" అన్నది. ఆ పూట నా చీర కొంగు చించి బిడ్డను చుట్టాను.

అప్పటి నుంచి నా పాత నూలుచీరలను పొత్తిగుడ్డలుగా చింపి, సోడా వేసి ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మడతలు పెట్టి, పని సంచిలో వేసుకునే తిరిగాను. గోదావరికి ఈ పక్కా ఆ పక్కా ఎంతమంది పిల్లలు మొట్టమొదట నా చీరముక్కల్లో కళ్ళు తెరిచారో నేను లెక్క పెట్టుకోలేదు. ఏ తల్లీ ఆ గుడ్డ ఎవరిది, ఏ కులం వాళ్ళది, ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళది అని అడగలేదు. మెత్తగా ఉందా, ఆరి ఉందా, అంతే చూశారు.

కొలువు అయిపోయి పాల్వంచ శివారులో రెండు గదుల ఇల్లు కట్టుకుని, చుట్టూ మనిషెత్తు ప్రహరీ పెట్టించుకున్నాక బీరువా సర్దడం మొదలుపెట్టాను. మన దగ్గర బట్టలు పెట్టడం అనే జబ్బు ఒకటి ఉంది గదా. పెళ్ళికి పెడతారు, గృహప్రవేశానికి పెడతారు, రిటైరైతే కుర్చీలో కూర్చోబెట్టి మరీ పెడతారు. ఒకరు పెట్టింది ఇంకొకరికి పెడుతూ, కవరైనా విప్పకుండా జిల్లా అంతా తిరిగివచ్చే చీరలవి. నాకు వచ్చినవన్నీ చర్చికి ఇచ్చేశాను, క్రిస్మస్‌కు పంచుకున్నారు. యూనిఫారం తెల్లచీరలు బొంతలు కుట్టే ఆమె పట్టుకుపోయింది. ప్రార్థనకు ఒకటి, బ్యాంకుకు ఒకటి, ప్రయాణానికి ఒకటి, పెళ్ళిళ్ళకు ఒక పట్టుచీర ఉంచుకున్నాను. ఎవరైనా గేటు కొడితే నైటీ ఉండనే ఉంది. బీరువాలో ఒక్కో అర ఖాళీ అవుతుంటే నా ప్రాణం తేలికపడేది. పాత నూలుచీరలు మాత్రం కింది అరలో దాచాను, అవి మా పిల్ల కోసం.

మా పిల్ల అంటే మా చెల్లె కూతురు. చెల్లె జబ్బుచేసి పోయాక మా మరిది ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, పలకా బలపం పట్టకముందే అది నా దగ్గరికి వచ్చేసింది. నాకు పెళ్ళీ లేదు, వేరే పిల్లలూ లేరు. నా క్వార్టర్లలోనే పెరిగి, చదువుకుని, సత్తుపల్లిలో పామాయిలు తోటలున్న మంచి కుటుంబంలోకి కోడలుగా వెళ్ళింది. నేను ఇంట్లో ఎట్లా ఉంటానో దానికి దాపరికం లేకుండా చెప్పాను. పడీపడీ నవ్వి, "నీ ఇష్టం పెద్దమ్మా, నేనొచ్చినప్పుడు నైటీ ఏసుకో, చాలు" అన్నది. నిరుడు అది నీళ్ళాడబోతోందని తెలిసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి, దానికి పుట్టిల్లంటే నేనే. లోకంలో పిల్లలందరినీ అందుకున్న చేతులతో నా ఇంటి బిడ్డను అందుకోవాలని, దవాఖానలో అయితే అయింది, తీసుకొచ్చి మూడు నెలలు నా గదిలో పడుకోబెట్టుకోవాలని, రిటైరైనాక నేను దేవుణ్ణి అడిగింది అదొక్కటే.

అక్టోబరు ఉక్కపోతలో ఒక రోజు వెనక వసారాలో పీట మీద కూర్చుని ఆ నూలుచీరలు చింపుతున్నాను. మంచినీళ్ళ క్యాను ఆటో వచ్చి వెళ్ళాక గేటు గడియ పెట్టడం మరిచాను. పిల్లను ఎప్పుడు పంపాలో మాట్లాడదామని వియ్యపురాలు పండ్ల సంచితో వచ్చి, ముందు తలుపు తీయకపోయేసరికి సందులోంచి వెనక్కు వచ్చింది. ఒళ్ళో చీర తప్ప ఒంటి మీద ఏమీ లేని నన్ను చూసి, "అయ్యో దేవా, ఇదేంటి వదినా" అని గోడ వైపు తిరిగిపోయింది. నైటీ వేసుకుని మంచినీళ్ళు తీసుకెళ్ళేసరికి గేటు అరుగు మీద ఇంటికి వీపు పెట్టి కూర్చుంది, గ్లాసు ముట్టుకోలేదు. ఒంట్లో బాగుండట్లేదా, ఎవరికైనా చూపించుకోకపోయారా అని మెల్లగా అడిగింది. నాకే రోగమూ లేదు వదినా, నా ఇంట్ల నేనున్న, గంతే అన్నాను. పిల్ల వస్తే పగలూ రాత్రీ చీరతోనే ఉంటానని కూడా చెప్పాను. ఉద్యోగమంతా కట్టుకున్నదాన్ని మూడు నెలలు కట్టుకోలేనా. ఆమె రోడ్డు వైపే చూస్తూ వింది. పండ్ల సంచి అరుగు మీదే వదిలి బస్సెక్కింది.

వారం తిరక్కముందే పిల్ల ఫోన్ చేసింది.

"డెలివరీ ఖమ్మంల చేయిస్తరట పెద్దమ్మా. తర్వాత కూడా ఈడనే ఉండమంటున్రు."

"మరి నువ్వేమన్నవ్ బిడ్డా?"

"నేనేమంట పెద్దమ్మా."

అంతే. మా పెద్దమ్మ మంచిది అని ఒక్క మాట అంటుందని చాలా రోజులు చూశాను. వియ్యపురాలి మీద నాకు కోపం లేదంటే అబద్ధం, కానీ ఆమె పరాయిది, చూసి బెదిరిపోయింది. మా పిల్ల అన్నీ తెలిసి ఊరుకుంది. నా కడుపు మండింది అప్పుడే, ఇంకా మండుతూనే ఉంది.

జనవరిలో ఆడపిల్ల పుట్టింది. నెల నిండాక వాళ్ళింట్లో బిడ్డ కోసం కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టారు, రమ్మని పిలిచారు. పట్టుచీర కట్టుకుని, కుచ్చిళ్ళకూ కొంగుకూ పిన్నులు పెట్టుకుని, ఉడకబెట్టి ఇస్త్రీ చేసిన పొత్తిగుడ్డల మూట పట్టుకుని వెళ్ళాను. గది నిండా ఉన్న ఆడవాళ్ళ చూపులు నా ముఖం మీదికి రాలేదు, ముందు చీర మీదికే వచ్చాయి. నేను బస్సు దిగకముందే నా సంగతి దిగిందన్నమాట. చంటిదాన్ని ఒళ్ళోకి తీసుకుని రెండు నిమిషాలు కాకముందే పాలకు ఏడుస్తోందని తీసుకున్నారు, అది ఏడవలేదు. మూట విప్పనైనా విప్పకుండా ఫ్రిజ్ మీద పెట్టేశారు. డాక్టరు పాతబట్టలు వద్దన్నడు పెద్దమ్మా, ఇన్ఫెక్షనంట అని మా పిల్ల నేల చూపులు చూస్తూ అన్నది. బతుకంతా గుడ్డలు ఉడకబెట్టినదాన్ని, నాకు చెప్పింది.

వచ్చేముందు కుర్చీలో కూర్చోబెట్టి బట్టలు పెట్టారు. పళ్ళెంలో చీర, జాకెట్టు ముక్క, పండ్లు. వియ్యపురాలు పళ్ళెం నా చేతికిచ్చి, అందరికీ వినబడేలాగే, "బీరువాలో దాచకండి వదినా, ఇంట్లో కట్టుకోండి" అంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా పిల్ల కూడా పెదవి బిగబట్టుకుని నవ్వింది, నేను చూశాను. ఆ చీరను క్యారీబ్యాగులో పెట్టి ఇస్తే బస్సులో తెరిచి చూశాను. అడుగున నా మూట ఉంది, కట్టిన ముడి కట్టినట్టే.

ఆ చీరను మర్నాడే మా వీధి ఊడ్చే ఆమెకిచ్చాను. మూట ఎవరికివ్వాలో తెలియలేదు. ఇప్పుడు అడవి ఊళ్ళల్లో కూడా కాన్పులు ఇళ్ళల్లో జరగడం లేదు, అది మంచిదే, దవాఖానకు పొండని ఏళ్ళ తరబడి మొత్తుకున్న నోరే ఇది. గుడ్డకు కొదవ లేదు, పుట్టకముందే కవర్లలో మడతలు పెట్టుకుని సిద్ధంగా ఉంటున్నది. లేమి పోయినందుకు సంతోషించాల్సినదాన్నే. కానీ ఆనాడు గుడ్డ మెత్తగా ఉందా అని చూసేవాళ్ళు, ఈనాడు ఎవరు కట్టి విప్పిందని చూస్తున్నారు. నేను నలుగురిలోకి ఎన్నడూ విప్పుకుని రాలేదు, నా ఇంటి గోడల మధ్య నాకు నచ్చినట్టు గాలి పీల్చుకున్నాను. ఆ మాత్రానికే నా చేతులు చేసిన పని అంతా మైలపడిపోయింది.

చంటిది ఈమధ్య బోర్లపడుతోందట. మొన్న మా పిల్ల ఫొటో పంపింది, కింద ఒక్క అక్షరం ముక్క లేదు. మే నెల, సత్తుపల్లి ఎండ. పట్టుగౌను, తలకు టోపీ, చేతులకు తొడుగులు, కాళ్ళకు మేజోళ్ళు, కింద రబ్బరు గుడ్డ, ఆ పైన డైపరు. మెడ మడతల్లో చెమటకాయలు ఎర్రగా ఫొటోలో కూడా కనబడుతున్నాయి. ఆ బట్టలన్నీ విప్పేసి ఫ్యాను కింద ఊరికే పడుకోబెట్టు బిడ్డా, చెమటకాయలు రెండు రోజుల్లో మాడిపోతాయి అని చెబుదామని ఫోను చేతికి తీసుకున్నాను. ఏ ఊళ్ళోనైనా ఏ నర్సమ్మయినా చెప్పే మాట, నేనే ఎందరు తల్లులకు చెప్పానో. నా నోటి నుంచి వస్తే ఆ ఇంట్లో అది ఎట్లా వినబడుతుందో తలుచుకుని ఫోను పక్కన పెట్టేశాను.