జీపుకు పెద్ద సూది

మా బాబాయి ములకలపల్లిలో ఆర్‌ఎంపీ డాక్టరు. మా వైపు గోళీలిచ్చి పంపేవాణ్ణి డాక్టరు కింద లెక్కేయరు, సూది వేస్తేనే వైద్యం. బాబాయి ఎవరినీ నిరాశపరచలేదు. జ్వరానికి సూది, నడుం నొప్పికి సూది, ఒకసారి కోర్టు వాయిదా ఉందని వణుకుతున్న మనిషికి కూడా సూది. అతను కేసు గెలిచాడు. తగ్గకపోతే డోసు పెంచేవాడు. అప్పటికీ తగ్గకపోతే ఖమ్మం పంపించేవాడు.

ఎనభైల్లో ఆయన వేలంలో ఒక డీజిలు జీపు కొన్నాడు. అది నడిచేది. అంతకుమించి దాని గురించి చెప్పడం అతిశయోక్తి. ఎత్తు రోడ్డు వస్తే మేం దిగి పక్కన నడిచేవాళ్ళం. లోపలివాళ్ళతో కబుర్లు చెప్పుకోవడానికి వీలుగా ఉండేది.

ఆ రోజుల్లోనే బాబాయి కూతురు, అంటే మా అక్క, కాన్పుకు పుట్టింటికొచ్చి ఆడపిల్లను కన్నది. పిల్లకు తన తల్లి పేరే పెట్టాలని బాబాయి పట్టు. తన తల్లి పేరే పెట్టాలని వియ్యంకుడి పట్టు. వియ్యంకుడు కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర స్థిరపడ్డ రైతు. ఆయనకూ జీపుంది, కొత్తది.

"గొడవెందుకండీ బావగారూ," అన్నాడు పిల్లను చూడ్డానికొచ్చి. "నామకరణం పర్ణశాలలోనేగా. భద్రాచలం బ్రిడ్జి దగ్గర కలిసి బయల్దేరదాం. గుడికాడ ముందు దిగినోళ్ళు చెప్పిన పేరు పెడదాం. మీ జీపుతో పందెమంటే నాకే మొహమాటంగా ఉంది గానీ."

"మొహమాటం అక్కడ పడుదురు గని," అన్నాడు బాబాయి.

అక్క ఆ గదిలోనే ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. మాట మాత్రం సరిగ్గా విన్నట్టుంది.

మర్నాడు జీపును పాల్వంచ తీసుకెళ్ళాం. మెకానిక్ బానెట్ ఎత్తి, "ఇంజెక్టరంటే గింతే సార్. డీజిలును ఇంజన్ల సూదేసినట్టు కొడతది," అన్నాడు.

ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. బాబాయి ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ జీపు వేరే జాతిదనుకున్నాడు. ఇప్పుడది పేషెంటయింది.

"అయితే సూది పెద్దది పెట్టు. డోసు పెంచు."

"పెట్టొచ్చు సార్. గని లోపలికి వచ్చే గాలి గంతే ఉంటది. డీజిలు ఎక్కువైతే కాలదు, పొగయితది. ఇంజన్‌కు వేడి లేస్తది."

"వేడి సంగతి నాకు చెప్తున్నవా? జ్వరాలు చూసుడే నా పని."

మెకానిక్‌కు వాదించే ఉద్దేశం లేదు, భోజనం వేళయింది. డీజిలు పంపు మీద సీసం సీలు వేసిన స్క్రూ ఒకటుంటుంది. ఇంతకుమించి తిప్పొద్దని కంపెనీవాళ్ళు గీసిన గీత అది. సీలు పీకి దాన్ని బాగా తిప్పాడు. డీజిలు చిమ్మే నాజిళ్ళు కూడా పెద్ద బొక్కవి వేశాడు. కంపెనీవాళ్ళు ఊరికే సీలు వేస్తారా అన్నాన్నేను, బీఎస్సీ చదివినందుకు.

"పేషెంట్ తరఫోళ్ళు బయట కూసోవాలె," అన్నాడు బాబాయి.

నామకరణం రోజు రానే వచ్చింది. అక్కా పిల్లా మా జీపులో. అక్క మొగుడు వాళ్ళ నాన్న జీపులో. బ్రిడ్జి దగ్గర బయల్దేరగానే మా జీపు ఎగిరి ముందుకు పడింది. పుట్టాక మొదటిసారి ఒక బస్సును దాటింది. బాబాయి బస్సు డ్రైవరు వైపు జాలిగా చూశాడు. వెనక్కి తిరిగి చూద్దునుగదా, రోడ్డు లేదు, పొగ ఉంది. ఆ పొగలోంచి వియ్యంకుడి హారన్ వినిపిస్తోంది.

"పికప్ చూసినవా?" అన్నాడు బాబాయి.

దుమ్ముగూడెం దాటాక ఇంజన్‌లో ఏదో పెద్దగా దగ్గింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. బాబాయి దిగి, అలవాటు కొద్దీ బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి వెంటనే తీసేశాడు.

వియ్యంకుడి జీపు వచ్చి ఆగింది. మసి కింద ఆయన కట్టుకున్నవి తెల్లబట్టలని మాకు ముందే తెలుసు కాబట్టి గుర్తుపట్టాం.

"మీరు ముందున్నారని దారి పొడుగునా తెలుస్తూనే ఉందండీ బావగారూ," అన్నాడు. "ఇక కోడల్నీ పిల్లనీ మా జీపెక్కించండి."

"ఎక్కిస్తే మీరు గెల్చినట్టయితది."

"ఎక్కించకపోతే పేరెవరికి పెడతామండీ?"

"నన్ను గూడ ఎక్కించుకోర్రి. ఇద్దరం ఒక్కసారే దిగుదం."

"నా జీపులోంచి నేనే ముందు దిగుతానండీ. డ్రైవరు పక్క సీటు నాది."

ఈ చర్చ ముగిసేలోగా ముఖాలు కడుక్కుందామని వాళ్ళ జీపులోనివాళ్ళంతా పక్క పొలంలో మోటారు దగ్గరికి పోయారు. జేబులో తాళంచెవితో డ్రైవరు కూడా పోయాడు. సబ్బు కూడా తెచ్చుకున్నట్టుంది. అప్పుడే మేం జాలిపడ్డ బస్సు వచ్చింది. అక్క చెయ్యెత్తింది. బస్సు ఆగింది. పిల్లనెత్తుకుని అక్క ఎక్కింది. ముఖం ఇంకా కడుక్కోని ఆమె మొగుడు పరిగెత్తుకుంటూ వచ్చి వెనక మెట్టు అందుకున్నాడు.

"మణుగూరు బొగ్గుబాయి డ్యూటీ దిగి సీదా వస్తున్నవా అన్నా?" అని కండక్టరు అడగడం మాకు వినపడింది. తాతలిద్దరూ తల తిప్పేసరికి బస్సు మలుపు తిరిగింది.

డ్రైవరు తల తుడుచుకుని రావడానికి కొంత సమయం పట్టింది. మేం పర్ణశాల చేరేసరికి బస్సు ఖాళీగా ఉంది. గుళ్ళో పళ్ళెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో పేరు రాయడం కూడా అయిపోయింది. తాతలిద్దరూ వంగి చదివారు. ఎవరి తల్లి పేరూ కాదు.

"గిదేంది బిడ్డా?" అన్నాడు బాబాయి.

"ముందు దిగినోళ్ళు చెప్పిన పేరన్నరు గద నాయినా," అంది అక్క. "నేనే ముందు దిగిన."

"అది సరేనమ్మా. ఇంతకీ ఎవరి పేరిది?" అన్నాడు వియ్యంకుడు.

"బస్సుల నాకు సీటిచ్చినామెది."

పందెం మాట వియ్యంకుడిదే కాబట్టి ఆయన ఒప్పుకోక తప్పలేదు. డోసు ఎంత పెంచినా తగ్గలేదు కాబట్టి జీపును ఖమ్మం పంపించారు. తాతలిద్దరూ చాలా ఏళ్ళు మనవరాలిని బుజ్జి అనే పిలిచారు. ఆ ఒక్క విషయంలో వాళ్ళ మధ్య ఎప్పుడూ తేడా రాలేదు.