తెరచాప కింద మోటారు

మా ముత్తాత జగ్గునాయుడు గారికి కళింగపట్నం రేవులో పదకొండు నావలుండేవి. ఓడలు లోతునీటిలో దూరంగా లంగరు వేసుకుని నిలబడే ఆ రోజుల్లో, ఓడ నుంచి ఒడ్డుకు వచ్చే ప్రతి బస్తా ఆయన నావల మీదే వచ్చేదని, ఆయన రేవులోకి అడుగుపెడితే కచేరీలో దొరలు సైతం కుర్చీల్లోంచి లేచేవారని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత లక్ష్మునాయుడు గారి నాటికి రేవు మూతపడింది, నావలు రెండయ్యాయి, అవీ సరుకులు మాని చేపలవేటకు వెళ్ళేవి. అయినా ఊరు ఆయన్ని పెద్ద ఆసామి అన్న గౌరవంతో బుగతగారనే పిలిచేది. మా నాన్న కాలానికి ఒకటే నావ. నాకు మిగిలింది విజయనగరంలో అద్దెకున్న రెండు గదులు, వెనుక వరండాలో గచ్చు మీద రెండు అరచేతులంత మరక.

వాన రాబోయే ముందు గాలి బరువెక్కగానే ఆ మరక వాసన వేస్తుంది. కిరసనాయిలు, ఉప్పు, పాత ఇంజిను నూనె కలిసిన వాసన. కిందటి నెల దాకా అక్కడ నడుమెత్తు కొయ్యచట్రం ఒకటి ఉండేది. దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేసుకునేదాన్ని. కానీ అది తువ్వాళ్ళ కోసం చేసినది కాదు.

మా ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరంటే, ఎండాకాలం సాయంత్రాలు అన్నం కంచంలో ఇసుక పడకుండా గడపకు గోనెపట్టా కట్టేవాళ్ళం. సరుగుడు తోపు రోజంతా ఊపిరి తీస్తున్నట్టు చప్పుడు చేసేది, పెరట్లో మొగలిపొదల వాసన, వీధిలో పరిచిన ఎండుచేపల వాసన ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి వచ్చేవి. వేసవిలో ముంజలు, వానలు వెనకపట్టాక తేగలు, ఎప్పుడూ ఉండే చోడి అంబలి, పనసపొట్టు ఆవ పెట్టిన కూర. తడి ఇసుకలో ఎండ్రకాయల బొరియల దగ్గర బోర్లా పడుకుని ఏది ముందు బయటికి వస్తుందో అని పందెం వేసుకోవడం మా ఆట. నేను ఓడిపోయినా ఒప్పుకునేదాన్ని కాదట. బుగతల ఇంటి పిల్ల ఓడడం ఉండదని నాకు ఎవరో చెప్పనక్కరలేకుండానే తెలుసు.

తాత పొద్దున్నే చుట్ట వెలిగించకుండా నోట్లో పెట్టుకుని ఒడ్డున నిలబడి, వేలు తడిచేసి గాలి చూసేవాడు. మా నావ వెనుక పలక మీద ముత్తాత చెక్కించిన శంఖం ఉండేది. చుక్కాని పట్టే మనిషి ఆ పలకకు ఆనుకునే కూర్చోవాలి. ఏటా వేటకు మొదటిసారి దిగే రోజున మా నాయనమ్మ ఆ శంఖానికి పసుపు రాసి కుంకుమ పెట్టేది. నావ అంటే మా తాతకు ఆ పలకే.

అందుకని మోటారు వచ్చినప్పుడు గొడవ ఆ పలక దగ్గరే మొదలైంది. ఊళ్ళో ఒక్కొక్కరే నావలకు చిన్న మోటార్లు పెట్టుకుంటున్నారు. మా నాన్న కూడా తాతకు చెప్పకుండా విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసిన మోటారు ఒకటి కొని, నెల్లిమర్ల గోనెసంచిలో చుట్టి బస్సు పైన వేసుకుని తెచ్చాడు. తాత మూడు రోజులు దాని వంక చూడలేదు. నాలుగో రోజున రెండు ఆజ్ఞలు వేశాడు. ఒకటి, శంఖం ఉన్న పలకకు మర తగలకూడదు. రెండు, మా ఇంటికి మోటారు ఉన్నట్టు ఒడ్డు మీద ఎవరికీ కనపడకూడదు.

ఈ రెండింటినీ మోయవలసినవాడు మా నావ నడిపే సరంగు అప్పన్న. వాళ్ళ తాత మా ముత్తాత నావలు నడిపాడు. అప్పన్న మోటారును వెనుక బిగించే వీలు లేక, నావ ఎడమ పక్కన వెనుకగా ఒక మందపాటి పలక బిగించి దానికి తగిలించాడు. బిగింపు మరలు అదురుకు వదులైపోతాయని, మోటారు మెడకు తాడు కట్టి ఆ తాడు నావకు ముడివేశాడు. పక్కన తగిలించిన మోటారు తెరచాపతో కలిసి బతకదు. గాలికి నావ కుడివైపు ఒరిగితే ఎడమనున్న ఫ్యాను నీళ్ళలోంచి పైకి లేచి కీచుమనేది, ఎడమవైపు ఒరిగితే మోటారు తల మునగబోయేది. కాబట్టి చాప ఎత్తినప్పుడల్లా మోటారును ఊడదీసి, లోపల వలల మీద ఆనించి, గాలి పడిపోతే మళ్ళీ తగిలించేవాడు. ఊగే నావలో, అడ్డంగా నిలబడి, అంత బరువు. వెనుక పలకకు బిగించనిచ్చి ఉంటే ఈ అవస్థలో సగం ఉండేది కాదు.

పైగా ఒడ్డు కనపడగానే మోటారు ఆపి, పాత తెరచాప గుడ్డ కింద దాచి, కొత్త చాప ఎత్తుకుని రాజసంగా రావాలి. ఊరికి తెలియదనుకున్నది మా ఇల్లు ఒక్కటే. చేపలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు గంపలు దించి నవ్వుకునేవారు.

"బుగతోరి నావ దగ్గుకుంటా వస్తాదే. మనం కనపడేసరికి దగ్గు తగ్గిపోతాది."

నేను వినీ విననట్టు నడుము నిటారుగా పెట్టుకుని నడిచిపోయేదాన్ని.

మోటారును దాచే చోటు మా పెరడు. దొడ్డిదారిన అప్పన్న దాన్ని భుజాన వేసుకుని వచ్చి, నూతినీళ్ళు నింపిన పీపాలో ముంచి కాసేపు నడిపి ఉప్పు కడిగేవాడు. తరువాత గడ్డివామి పక్కన, తానే చేసిన కొయ్యచట్రానికి తగిలించేవాడు. విరిగిపోయిన మా పాత తెరచాపకొయ్యను కోసి, మేకు ఒక్కటీ వాడకుండా, అతుకులు తొలిచి చేశాడు దాన్ని. గుర్రం అనేవాడు. మోటారు మీద గుడ్డ కప్పడం, కోళ్ళు ఎక్కకుండా చూడడం నాకు అప్పగించాడు. అప్పుడు నాకు పదేళ్ళు.

"తల మీదకి, కాలు కిందకి. మనిసి నిలబడ్డట్టే ఉండాల బుగతమ్మా. కాలు మీదకి లేసిందంటే కాల్లో ఉన్న ఉప్పునీరు తల్లోకి దిగిపోతాది. ఇంక అది నెగదు, తిరగదు."

ఇంజిను ఉన్నది తల, ఫ్యాను ఉన్న కింది గొట్టం కాలు. ఈ మాట నాతో ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. కనుక తెలియక చేశానని నేను అనలేను.

ఆ ఏడు గంగమ్మ సంబరానికి మూడు రోజుల ముందు ఊరిపెద్దలు తాంబూలం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అమ్మవారి ఘటాన్ని కెరటాలు దాటించి సముద్రంలో కలిపే మొదటి నావ ఎప్పుడూ మాదే. ఆ నావ గాలి మీదే వెళ్ళి గాలి మీదే రావాలి. మా ఇంటికి ఆనాటికి మిగిలిన గౌరవం అదొక్కటే. మోటారు సంగతి ఊళ్ళో నలుగుతోంది కాబట్టి పెద్దలు నేరుగా అడగకుండా పెరడు చూస్తామన్నారు, నూతినీళ్ళు తాగుతామన్నారు. తాత వాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి లోపలికి వచ్చి, నన్ను చూసి, అది కనపడకూడదని ఒక్క మాటన్నాడు.

అప్పన్న అప్పుడే సముద్రం నుంచి వచ్చి, మోటారును గుర్రానికి తగిలించి, అన్నం తిని వచ్చి కడుగుతానని ఇంటికి వెళ్ళాడు. నాకు దాన్ని ఎత్తే బలం లేదు. గుర్రాన్ని పట్టి వెనక్కి లాగితే మోటారుతో సహా గడ్డివామి మీదకు ఒరిగింది. కాలు గడ్డి మీద పైకి, తల నూతినీళ్ళు పోయే కాలువ పక్క పల్లంలోకి. నేను చూశాను. కాలులోంచి నీళ్ళు తల వైపు జారడం కూడా చూశాను. చూసి, మీద ఇంత గడ్డి వేసి, పాత చాపగుడ్డ కప్పి, దాని మీద కూర్చుని తేగ వలుచుకున్నాను. పెద్దలు వచ్చి నూతినీళ్ళు తాగి, నా తల నిమిరి, తాతకు తాంబూలం ఇచ్చారు. పాకం గారెలతో భోజనం చేసి పొద్దుగూకే వేళకు వెళ్ళారు. వాళ్ళు ఉన్నారని తెలిసి అప్పన్న ఇటు రాలేదు. వాళ్ళు వెళ్ళాక మా నాన్నను పిలిచి, గుర్రం పడిపోయిందని చెప్పి నిలబెట్టించాను. ఎప్పుడు పడిందో చెప్పలేదు, ఆయన అడగలేదు.

సంబరం వరకు వేట లేదు. అప్పన్న నావకు రంగు వేయడంలో, చాప కుట్టడంలో ఉండిపోయాడు. మర్నాడు పొద్దున దొడ్డిగోడ మీదనుంచి తల పెట్టి, మోటరు నిలబడే ఉన్నాదా, కడిగించారా అని అడిగాడు. నిలబడే ఉంది, నాన్న నీళ్ళు పోశాడు అన్నాను. మొదటిది ఆ క్షణానికి నిజం. రెండోది కాదు.

సంబరం రోజున ఘటంతో పాటు తాత ఆజ్ఞ మీద మోటారూ నావ ఎక్కింది, పాత తెరచాప కింద. ఒకవేళ గాలి పడిపోతే, అన్నాడు తాత. ఘటం కలిపి వస్తుండగా, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలి నిజంగానే పడిపోయింది. ఏటినీరు నావను పక్కకు తిప్పి, కెరటాలు విరిగే ఇసుకతిన్నె వైపు లాగసాగింది. నావలో తాత, ఇద్దరు పెద్దలు, అప్పన్న. ఒడ్డున ఊరంతా. తాత తల ఊపాడట. అప్పన్న గుడ్డ తీసి మోటారు తగిలించాడు. ఒడ్డున ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. అతను మోటారు తిప్పే తాడు లాగడం, తాడు కదలకపోవడం, మళ్ళీ లాగడం నేను మా నాయనమ్మ కొంగు పట్టుకుని చూశాను. చివరికి ఒక ఫైబరు పడవ వెళ్ళి, తాడు కట్టి, మా శంఖం నావను లాక్కొచ్చింది.

ఇసుక మీదకు దిగుతూనే తాత అందరికీ వినపడేలా అన్నాడు.

"నాకు తెలీకుండా మోటారు ఎక్కించిందీ ఈడే. దాన్ని పాడుసేసిందీ ఈడే."

అప్పన్న తల ఎత్తి తాత వంక చూశాడు, తరువాత నా వంక చూశాడు. అమ్మవారి నావను మైలపరచినవాడని ఆ సాయంత్రానికల్లా ఊరు తీర్మానించింది. ఏ నావవారూ అతన్ని పనిలోకి రానివ్వలేదు.

మర్నాడు పొద్దున తాత గాలి చూసి వచ్చి అరుగు మీద కూర్చున్నప్పుడు నేను వెళ్ళి అంతా చెప్పాను. ఆయన విన్నాడు. కోప్పడలేదు. చుట్ట తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాతో సెప్పినావు కదా, సరిపోనాది. ఇంకెవలితోనూ అనకు."

నాకు ఏడుపు రాలేదు. హాయిగా ఉంది. లోపలికి వెళ్ళి సంబరానికి చేసిన పాకం గారెల్లో మిగిలినవి తిన్నాను. ఇన్నేళ్ళలో నేను ఎక్కువసార్లు తలుచుకున్నది ఆ గారెల తీపిని.

మధ్యాహ్నం అప్పన్న మోటారు పానా తిరిగి ఇవ్వడానికి దొడ్డిగుమ్మం దగ్గరికి వచ్చాడు. పానాతో పాటు నా అరచేతిలో రెండు గడ్డిపరకలు పెట్టాడు.

"ఫ్యాను కాడ ఉన్నాయి. నిన్ననే సూసాను. నువ్వే సెప్తావని ఊరుకున్నాను బుగతమ్మా."

నేను నడుము నిటారుగా పెట్టుకుని నిలబడ్డాను. అతను వెళ్ళిపోయాడు. పెళ్ళాం బిడ్డలతో భావనపాడు వలస పోయాడని తరువాత విన్నాం.

కిందటి నెల, ఈ వాటా కూడా త్వరలో వదిలి ఇంకా చిన్నదానికి మారక తప్పదని తేలినప్పుడు, గుర్రాన్ని ట్రాలీ ఆటోలో వేయించుకుని భావనపాడు వెళ్ళాను. అప్పన్న చనిపోయాడని తెలుసు. అతని కూతురు గౌరమ్మ అక్కడ మోటార్లు బాగుచేసే రేకుల షెడ్డు నడుపుతోందని విన్నాను. గుర్రం వాళ్ళకు ఇచ్చేసి, జరిగింది చెప్పేసి రావాలని దారంతా మాటలు కూర్చుకున్నాను.

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, గుర్రం అతుకుల మీద వేలు నడిపింది.

"ఇది మా అయ్య సేతిపని. మీరు బుగతోరి మనవరాలా?" నేను అవునన్నాను. ఆమె ముఖం వెలిగింది. "మా అయ్య మీ మాటే సెప్పీవోడు. ఆ పాప ఒకపాలి వస్తాది, వచ్చి సెప్తాది అనీవోడు. ఏటి సెప్తాదో మాకు సెప్పనేదు. ఏటమ్మా అది?"

షెడ్డులో నలుగురు కూర్చుని ఉన్నారు. అందరూ నా వంక చూశారు. నాకు గుర్తులేదన్నాను.

ఆమె మళ్ళీ గుర్రం వైపు తిరిగి, మరి దీనికి ఏమివ్వమంటారు అని అడిగింది.

ఇప్పుడు ఆ ఒడ్డున తెరచాప ఒక్కటీ లేదు. అన్నీ ఫైబరు పడవలే, ప్రతి పడవకూ మోటారు వెనుక పలకకే బిగించి ఉంటుంది, ఎవరూ ఎవరి దగ్గరా దాచరు. మా ఇల్లున్న చోటు సగం సముద్రంలో ఉంది. శంఖం పలకను నావతో పాటు కట్టెల అడితికి ఇచ్చేశాం. మోటారు పాత ఇనుములో పోయింది. కొయ్యగుర్రాన్ని గౌరమ్మకు అమ్మాను.