దుర్గాబాయి అడిగిన బోణీ

దుర్గాబాయిది నోటి దురుసు అంటారు. అననీయండి. మేడ్చల్‌లో రేకు బిళ్లలు కొట్టే ప్రెస్సు షాపుల్లో నోరు మంచిగా పెట్టుకుని పనిచేసినవాళ్ల చేతులు ఇప్పుడెట్లా ఉన్నాయో ఒకసారి చూసొచ్చి, ఆ తర్వాత అనండి. నా పేరు కామేశ్వరి. ఆమె పక్కనే కూర్చుని చాలా ఏళ్లు ఇనుప బిళ్లల అంచులు రుద్దినదాన్ని. ఆమె గురించి మాట్లాడే హక్కు నాకుంది.

ఆమె ఊరు లాల్‌గడి మలక్‌పేట్. పెళ్లయిన కొత్తలో కూలికి కలుపు తీసిన చేలల్లోనే తర్వాత ప్లాట్ల రాళ్లు పాతారు. రాళ్ల మధ్య కలుపు తీయమని ఎవరు పిలుస్తారమ్మా అని నవ్వేది. భర్త ఇస్తారి శామీర్‌పేట నుంచి కరీంనగర్ రోడ్డు మీద ఆటో నడిపేవాడు. ఆ చేలు అమ్ముకున్న ఇంటివాడే మా ఓనరు ప్రతాప్. ఆ డబ్బుతో మేడ్చల్‌లో షెడ్డు వేసి ప్రెస్సులు దింపి, మా చెల్కల్లో చేసినదానివి ఇక్కడా చెయ్యి అని తనే ఆమెను పిలిచాడట. అందరం ఆయన్ని సార్ అనేవాళ్లం. దుర్గాబాయి మాత్రం ఊరి అలవాటు ప్రకారం పటేలా అనేది, నువ్వు అనేది. ఇన్‌షర్టు వేసుకుని తిరిగే కొత్త సారుకు ఆ పిలుపు ముల్లులా గుచ్చుకునేది. అయినా ఆమె మానలేదు. ఆ నోటి వల్లే తర్వాత ఈ షాపులో పనీ పోయింది, ఇంకో రెండు చోట్లా పోయింది. చివరికి గాజులరామారంలో కిరాయికి దిగి, జీడిమెట్ల వైపు పని చూసుకుంది. అది తర్వాతి సంగతి.

మా షాపులో సీలింగు ఫ్యాన్ల కప్పులకు కావలసిన గుండ్రటి బిళ్లలు కొట్టేవాళ్లు. కింద గుండ్రటి రంధ్రం ఉన్న ఉక్కు దిమ్మ ఉంటుంది, దాన్ని డై అంటారు. ఆ రంధ్రంలోకి సరిగ్గా దిగే పంచ్ పైన ఉంటుంది. మధ్యలో పొడవాటి రేకు పట్టీ పెట్టి బటన్ నొక్కితే పంచ్ దిగి, బిళ్ల తెగి కింద బుట్టలో పడుతుంది. పట్టీని కాస్త ముందుకు జరపాలి, మళ్లీ నొక్కాలి. మగవాళ్లు మిషన్ల మీద, ఆడవాళ్లం ఆకురాళ్లతో బిళ్లల అంచుల మీద. అదీ పద్ధతి.

మిషన్‌కు బటన్లు రెండు. కుడి చేతికొకటి, ఎడమ చేతికొకటి. రెండూ ఒకేసారి నొక్కితేనే పంచ్ దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే ఇంక డైలో వేలెందుకు ఉంటుంది? మిషన్ చేసినవాడు అంత బాగా ఆలోచించి పెట్టాడు. ఓనరు మాట మీద మావాళ్లు ఎడమ బటన్ మీద ఒక చెక్క ముక్క అదిమి, సైకిల్ ట్యూబుతో బిగించి కట్టేశారు. అది ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది. కుడి చేత్తో నొక్కడం, ఎడమ చేత్తో రేకు జరపడం. పని మస్తు జల్దీ. పైగా పట్టీ చివర మిగిలే తోక ముక్కను కూడా ప్రతాప్ పారెయ్యనిచ్చేవాడు కాదు. అందులోంచీ ఒక బిళ్ల రావాల్సిందే. తోక ముక్క పట్టుకున్నప్పుడు వేళ్లు పంచ్ కిందికే పోతాయి.

ఉల్లిగడ్డల ధర మండిపోయిన ఏడాది ఒక మధ్యాహ్నం, బాలేష్ ఎడమ చెయ్యి తోక ముక్కతో పాటే పంచ్ కిందికి పోయింది. రెండు వేళ్లు తెగాయి. బాలేష్ కొత్తగా పెళ్లయినవాడు, ఎవరు ఏ పని చెప్పినా కాదనేవాడు కాదు. దుర్గాబాయి కొంగు చింపి చేతికి చుట్టి, ఆసుపత్రి దాకా ఆటోలో ఆ చేతిని పైకెత్తి పట్టుకుని కూర్చుంది.

అసలు పాపం ఆ తర్వాత జరిగింది. బాలేష్ చిన్నాయన పోయి అప్పటికింకా మైల తీరలేదు. మైలలో పనిముట్టు తాకకూడదని అతను ఇంట్లో కూర్చుంటే, ఆర్డరు అర్జెంటని మనిషిని పంపి పిలిపించింది ప్రతాపే. ఇప్పుడేమో గాలయ్య మేస్త్రీ కొత్త పాట ఎత్తుకున్నాడు. మైల చేత్తో మిషన్ ముట్టుకున్నాడు, మైసమ్మకు కోపమొచ్చింది, రక్తం తీసుకుంది అని. ప్రతాప్ అవునవునన్నాడు. ఆయనకు అంతకంటే కావలసిందేముంది? తప్పు చెక్కది కాకుండా పోయింది. షాపంతా అదే మాట. ఘోరమేంటంటే బాలేష్ కూడా నమ్మాడు. మేం చూడ్డానికి పోతే, నాకు గిట్లనే గావాలె అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుర్గాబాయికి ఒళ్లు మండిపోయింది.

ఆ మిషన్ దగ్గర నిలబడటానికి మగవాళ్లెవరూ ముందుకు రాలేదు. ఒకడికి నడుం నొప్పి, ఇంకొకడికి ఊళ్లో పని. అప్పుడు ప్రతాప్ దుర్గాబాయిని పిలిచాడు. ఆడదానికి మిషన్ ఇస్తున్నానని పెద్ద దానం చేసినట్టు చెప్పాడు. నిజానికి ఆమె ఎన్నాళ్లుగానో అడుగుతున్నదే. ఆకురాయి పట్టి పట్టి గోళ్లు అరిగినయి, మాకెందుకియ్యరు మిషన్ అని పోట్లాడేది. ఇప్పుడిస్తున్నారు. ఒప్పుకుంటే ఎడమ చెయ్యి ఆ చెక్క ముక్క దయ మీద ఆధారపడాలి. కాదంటే గేటు బయటికి పోవాలి. ఇస్తారి ఆటో రోడ్డు మీద కంటే మెకానిక్ దగ్గరే ఎక్కువ ఉండేది, ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈమె పని మీదే.

చెక్క తీసేస్తే చేస్తానంది. తీస్తే రోజుకు అనుకున్న సరుకు దిగదని గాలయ్య అన్నాడు. శుక్రవారం పూజ చేయిస్తున్నాం కదా, ఇంకేం భయమని ప్రతాప్ అన్నాడు. సరే, పూజ కానియ్యండి అని ఆమె ఊరుకుంది. దుర్గాబాయి ఊరుకోవడం ఎన్నడూ చూడనిదాన్ని, లొంగిపోయిందే అని నాకు ఏడుపొచ్చింది.

మా షాపుల్లో ఒక ఆచారముంది. రక్తం చూసిన మిషన్‌ను పూజ చేసేదాకా ఎవరూ తాకరు. కోడిని కోసి, గుమ్మడికాయ పగలగొట్టి, నిమ్మకాయలు కట్టాక ఓనరు తన చేత్తో మొదటి బిళ్ల కొట్టాలి. అది బోణీ. బోణీ అయితే తల్లి శాంతించినట్టు. ఏ మిషన్‌కైనా ప్రతాప్ చేసేదల్లా, గాలయ్య కొత్త పట్టీ పట్టుకుంటే తాను పక్కన నిలబడి కుడి బటన్ మీద వేలు పెట్టడం. ఆ తర్వాత చప్పట్లు, కొబ్బరి ముక్కలు.

శుక్రవారం అందరం మిషన్ చుట్టూ చేరాం. తల్లి ముందు తప్పు ఒప్పుకుని దండం పెట్టాలని బాలేష్‌ను కూడా రప్పించారు. అతను లోపలికి రావడానికే భయపడి, కట్టు ఉన్న చేతిని గుండెకానించుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. కోడి అయింది, గుమ్మడికాయ అయింది. గాలయ్య పట్టీ కోసం వంగుతుండగా దుర్గాబాయి అడ్డం వచ్చి, తోక ముక్క ఒకటి తీసి ప్రతాప్ చేతిలో పెట్టింది.

"పటేలా, పూజ మంచిగయింది. తల్లి శాంతించిందని నువ్వే అంటున్నవ్. గీ ముక్క ఎడమ చేత్తోని పట్టు, కుడి చేత్తోని నొక్కు. రోజు మేం జేసినట్టే జెయ్యి."

గాలయ్య ఆ ముక్క అందుకోబోతే, ఇయ్యాల బోణీ ఓనరుది, నువ్వు జరుగు అంది. ప్రతాప్ నవ్వులాటకు తిప్పబోయాడు. తాను పని నేర్చినవాణ్ణి కాదన్నాడు. నేర్చేదేముంది, నీకు మైల లేదు గదా అంది. పనివాళ్లందరి ముందు వెనక్కి తగ్గితే పటేళ్ల ఇంటి పరువేమవుతుంది? ముక్క తీసుకుని మిషన్ ముందు నిలబడ్డాడు. దాన్ని డై మీద పెట్టాడు. ఉంగరాలున్న వేళ్లు పంచ్ కిందికి పోయాయి. కుడి చెయ్యి బటన్ దాకా లేచి అక్కడే ఆగింది. మోటరు తిరుగుతూనే ఉంది. ఆయన పైకి పంచ్ వైపు చూశాడు, పక్కకు చెక్క వైపు చూశాడు. నుదుటి కుంకుమ చెమటకు కరిగి ముక్కు మీదికి జారింది. ఎంత కోపమున్నా, నొక్కకు తండ్రీ అని నేను లోపల మొక్కుకుంటూనే ఉన్నాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"మోటరు బంద్ జెయ్యి" అన్నాడు గాలయ్యతో. "ఆ చెక్క తీసెయ్."

అన్ని మిషన్లవీ తియ్యమని దుర్గాబాయి అంది. గాలయ్య ఓనరు మొహం చూశాడు. ఓనరు ఎవరి మొహమూ చూడకుండా తల ఊపి, ఆఫీసు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. గాలయ్య కత్తి తీసుకుని ఒక్కో మిషన్ దగ్గర ట్యూబు కోసుకుంటూ పోయాడు. చెక్కలు నేల మీద పడుతుంటే మేం అట్లాగే చూస్తూ నిలబడ్డాం.

అప్పుడు బాలేష్ తలుపు దగ్గర నుంచి లోపలికొచ్చాడు. కింద పడ్డ చెక్కను చూసి, దుర్గాబాయిని చూసి, చాలా మెల్లగా అడిగాడు.

"అక్కా, గట్లయితే నా మైల గాదా?"

"గాదు" అంది దుర్గాబాయి. "నీది గాదు, తల్లిది గాదు. గా చెక్క కట్టించినోనిది."

బాలేష్ మా అందరి మధ్య నుంచి నడిచిపోయి, ఆఫీసు గది తలుపును కట్టు కట్టిన చేత్తోనే బాదడం మొదలుపెట్టాడు.