ఎనిమిదో అంతస్తులో ఏనుగులు

ఆ రోజుల్లో ఒకడు వీడియో గేమ్ గెలిచానంటే గెలిచినట్టే. ఫోటో చూపించమనేవాళ్ళు లేరు. ఎవడు ఎంత దూరం వెళ్ళాడో ఆట ఎక్కడా రాసిపెట్టుకునేది కాదు. ముఖం మీద కొంచెం చెమట, గొంతులో కొంచెం వణుకు ఉంటే చాలు, వీధి వీధంతా నమ్మేది. ఇప్పటి పిల్లలను చూస్తే జాలేస్తుంది, పాపం వాళ్ళకు అబద్ధమాడే సౌకర్యమే లేదు. నేను ఆ సౌకర్యాన్ని నా పదమూడో ఏట ఒక్కసారి పూర్తిగా వాడుకున్నాను. దానివల్ల ఒక మనిషి తల బోడి అయింది. ఆ మనిషి నా మేనమామ కొడుకు. ఈ సంగతి మా బంధువుల్లో ముప్పై ఏళ్ళకు పైగా వేరే రకంగా చెలామణీ అవుతోంది కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టడం నా బాధ్యత అనుకుంటున్నాను. (నేను తిరుపతిలో ఒక లాడ్జికి మేనేజరును. కొత్తగా గీయించుకుని గంధం పూసుకున్న గుండ్లు రోజూ నా కౌంటరు ముందు నుంచే వెళుతుంటాయి. ప్రతి గుండూ నన్నే చూస్తున్నట్టుంటుంది. గుండుకు కళ్ళుండవని నాకు తెలుసు. పశ్చాత్తాపానికి తెలియదు.)

ఎండాకాలం సెలవులకు నేను చిత్తూరులో మా మామ ఇంటికి వెళ్ళేవాడిని. ఆ ఏడాది మామ మద్రాసు నుంచి టీవీకి తగిలించే వీడియో గేమ్ ఒకటి, దాంతో పాటు ఒకే ఒక క్యాసెట్టు తెచ్చాడు. క్యాసెట్టు మీద పేరు మాకెవరికీ చదవరాని లిపిలో ఉండేది. మద్రాసులో చదువుకున్న ఎదురింటాయనకు చూపిస్తే ఆయన చాలాసేపు అటూ ఇటూ తిప్పి, "పాత తమిళం మాదిరి ఉండాది" అని తేల్చాడు. అందుకని ఆటకు మేమే పేరు పెట్టుకున్నాం, లాంతరాయన. చేతిలో లాంతరు పట్టుకున్న ఒక పొట్టి మనిషి ఎనిమిది అంతస్తుల కోట ఎక్కాలి. ఎనిమిదో అంతస్తులో ఎద్దు తలకాయ రాక్షసుడు ఒకడు తలుపుకు అడ్డంగా నిలబడి ఉంటాడు. వాడిని లాంతరుతో మూడు దెబ్బలు కొడితే ఆట ముగిసినట్టు. ఆ తలుపు వెనక ఏముందో చిత్తూరులో ఎవరికీ తెలియదు. మధ్యలో చచ్చిపోతే మళ్ళీ కింది నుంచి రావాల్సిందే. ఆట మొరాయిస్తే క్యాసెట్టు బయటికి తీసి, నోటితో ఊది, మళ్ళీ పెట్టేవాళ్ళం. ఆ ఊదే పని మా మామ కొడుకుది.

వాడు నాకంటే ఎనిమిది నెలలు చిన్న. నన్ను "బావా" అనేవాడు. ఊరంతా వాడిని ఉంగరాలోడు అనేది, ఎందుకంటే వాడి తలలో జుట్టు జుట్టులా కాక చుట్టలు చుట్టుకుని ఉండేది. పెన్సిలు గుచ్చితే కింద పడేది కాదు. బడిలో ఎవరి పెన్సిలు పోయినా అయ్యవారు మొదట వాడి తల వెతికించేవారు. వాడికి ఆ జుట్టంటే ప్రాణం. ఆ జుట్టు తర్వాత వాడికి ప్రాణం నేను. నేను ఆడుతుంటే పక్కన కూర్చుని, లాంతరాయన దూకినప్పుడల్లా తనూ ఒక జానెడు లేచి కూర్చునేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం నేను మొట్టమొదటిసారి ఎనిమిదో అంతస్తుకు చేరుకున్నాను. ఇంకో రెండు వారాల్లో వాడి అక్క పెళ్ళి. మామ కార్డులు పంచడానికి వెళ్ళాడు, అత్త వంటింట్లో ఉంది, అవ్వ గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎద్దు తెర మీదికి రాగానే మా ఉంగరాలోడు లేచి నిలబడి, కొండ ఏ దిక్కునుందో తెలియక నాలుగు దిక్కులకూ దండం పెట్టి, "స్వామీ, మా బావ ఈ ఎద్దును కొట్టినాడంటే నీకు నా తలనీలాలు ఇచ్చుకుంటా!" అన్నాడు.

అవ్వ చింతపండు పక్కన పెట్టింది. "ఎవురి తలరా?"

"నాదే అవ్వా."

"నోటికొచ్చి అన్నావా, మనసారా అన్నావా?"

"మనసారానే."

"సరే. నేను ఇన్నా," అంది అవ్వ. మా ఇంట్లో అవ్వ వినిందంటే రిజిస్ట్రారు ఆఫీసులో ముద్ర పడినట్టే. ఆ వెంటనే, "మొక్కింది సాలు గానీ, పెండ్లి మురుకులకు బియ్యం మరేయించుకోని రా పో," అని వాడి నెత్తిన గంప పెట్టింది. వాడు వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ పిండిమరకు వెళ్ళాడు.

ఒక దెబ్బ పడింది. రెండో దెబ్బ పడింది. ఎద్దు ఎర్రబడి ఊగుతోంది. మూడో దెబ్బకు లాంతరాయన చెయ్యి పైకి లేచింది. ఫ్యాను ఆగిపోయింది.

కరెంటు పోయింది. నేను నల్లటి తెర ముందు, తెరలో నా ముఖమే చూసుకుంటూ కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు. కరెంటు లేక మర కూడా ఆగింది కాబట్టి మా వాడు సగం పిండి, సగం బియ్యంతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఉంగరాల నిండా పిండి.

"మర నిలబడిపాయ బావా! ఎద్దు?"

ఆ ముఖం చూసి "లేదురా" అనడానికి నాకంటే మంచివాడు కావాలి. "చచ్చింది," అన్నాను.

"కరెంటు పోకముందేనా?"

"రెండు నిముషాలు ముందే."

వాడు గంప అక్కడే వదిలేసి నన్ను వాటేసుకున్నాడు. "సచ్చినాక ఏమాయ? తలుపు ఎనక ఏముండాది?"

అక్కడితో ఆపి ఉంటే ఈ రోజు ఇంత రాయాల్సిన అవసరం ఉండేది కాదు. తలుపు వెనక రెండు ఏనుగులున్నాయని చెప్పాను. (ఎందుకు ఏనుగులో నాకిప్పటికీ తెలియదు. గోడ మీది క్యాలెండరులో ఉన్నాయనుకుంటా.) వీధి పిల్లలు చేరేసరికి ఏనుగులు నాలుగయ్యాయి, ఒక రాణి వచ్చింది. పొద్దు వాలేసరికి ఏనుగులు ఆరు, చివరి ఏనుగు తొండంతో ఒక పలక పట్టుకుంది, పలక మీద నా పేరు.

"తెలుగులోనా బావా?" అన్నాడు మా వాడు, నోరు తెరుచుకుని.

"తెలుగులోనే."

వాడు దానికీ సందేహపడలేదు. ఆ సాయంత్రం కరెంటు తిరిగొచ్చిన ఊపుకు వీడియో గేమ్ అడాప్టరు కాలి కంపు కొట్టింది. అది మళ్ళీ పని చేయలేదు. ఇంటిల్లిపాదీ అయ్యో అన్నారు, నేను మాత్రం స్వామికి మనసులోనే దండం పెట్టుకున్నాను. సాక్షి కాలిపోయాడు కదా అని నా ధీమా. అయితే ఇంకో సాక్షి గడప దగ్గరే కూర్చుని ఉందని మరిచిపోయాను.

"పెండ్లయినాక ఆర్నెల్లు ఇంట్లో ఎవురూ గుండు కొట్టించుకోకూడదు," అంది అవ్వ రాత్రి అన్నాల దగ్గర. "అన్ని నాళ్ళు మొక్కు బాకీ పెట్టినా తప్పే. ఈ వారమే పోయి తీర్చేసి రావాల."

అత్త బిత్తరపోయింది. "అత్తా, పెండ్లి ఫోటోల్లో బోడితలతోనా?"

"ఫోటోలు దేవుడు అడగలేదు. తలనీలాలు వీడే ఇస్తానన్నాడు."

గెలిచింది నేను కాబట్టి నన్నూ వెంట తీసుకుపోయారు. కొండ మీద కల్యాణకట్టలో నీళ్ళతో తడిపిన తల వంచుకుని వాడు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, పక్కన దువ్విన క్రాపుతో నేను. మొదటి ఉంగరం నేల మీద పడగానే నా నోరు తెరుచుకుంది. నిజం గొంతు దాకా వచ్చింది. అప్పుడే వాడు తల కదపకుండా, "బావా, ఎనకాల యాడన్నా మిగిలిపోతుందేమో సూడు. స్వామికిచ్చేది పూర్తిగా ఇయ్యాల," అన్నాడు. నోరు మూసుకుని వెనకాల చూశాను. చెవి వెనక ఒక పోగు మిగిలి ఉంది. అది కూడా నేనే చూపించాను.

ఇక పెళ్ళి. పెళ్ళికూతురి తమ్ముడు కాబట్టి ప్రతి ఫోటోలోనూ వాడు ఉండాల్సిందే. "గుండబ్బాయా, ఒకడుగు ఎనక్కి. లైటంతా నీ తలకే పోతా ఉండాది," అని ఫోటోగ్రాఫరు మూడు రోజులు మొత్తుకున్నాడు. మగపెళ్ళివారి ముసలామె ఒకామె వాడిని ఎగాదిగా చూసి, "ఎవురు పోయినారు?" అని అడిగింది. ఎవరూ పోలేదు, మొక్కు అన్నాడు మామ. జబ్బు చేసిందా అందామె. మామ చాలాసేపు నీళ్ళు నమిలి, "లేదమ్మా, టీవీలో ఎద్దును కొట్టినారు," అన్నాడు. వియ్యాలవారి పందిట్లో ఆ మాట భోజనాల దాకా నలిగింది. పెళ్ళికూతురు, అంటే మా వదిన, ఇప్పటికీ ఆల్బం తెరిచిందంటే నా వైపే చూస్తుంది. ఆ పైన వాడికి మళ్ళీ మొలిచిన జుట్టు ఉంగరాలు తిరగలేదు. చీపురు పుల్లల్లా నిటారుగా మొలిచింది. ఉంగరాలోడన్న పేరు మాత్రం ఉండిపోయింది, కొత్తగా పరిచయమైన వాళ్ళు వేళ్ళకు ఉంగరాలేవని చూసేవాళ్ళు.

దీనికంతటికీ వాడు బాధపడి ఉంటే నాకు తేలికయ్యేది. వాడు గర్వపడ్డాడు. పదో తరగతికి మొక్కాడు, ఉద్యోగానికి మొక్కాడు, కూతురు పుట్టాలని మొక్కాడు. ప్రతిసారీ గుండు. ఎవరు అడిగినా మొదలుపెట్టేది అక్కడి నుంచే, "నా మొదటి మొక్కే స్వామి ఇన్నాడప్పా. మా బావ ఎద్దును కొట్టినాడు, ఏనుగులొచ్చినాయి." ఆ ఏనుగులు వచ్చిన ప్రతిసారీ నేను మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళేవాడిని. గోడ కట్టేశాక అడుగు ఇటుక నాదని, అది పచ్చిదని ఎలా చెప్పను?

ఇప్పుడు వాడు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఉండేది తిరుపతిలోనే, రోజూ కంపెనీ బస్సులో వెళ్ళి వస్తాడు. మొన్నా మధ్య ఫోను చేశాడు. "బావా! లాంతరాయన దొరికినాడు! మన ఆటనే మళ్ళీ కొత్తగా చేసినారంట, పాప కనుక్కొని తెచ్చింది. ఆదివారం భోజనానికి రా. నువ్వే ముగించి ఏనుగుల్ని చూపించాల." నాకు జ్వరం వచ్చినట్టు దగ్గాను. "జ్వరమైతే ఇంకా మేలు, కదలకుండా కూర్చోని ఆడచ్చు," అన్నాడు.

వెళ్ళాను. టీవీ నిండా మా లాంతరాయన. అప్పుడు తొమ్మిది చుక్కల మనిషి, ఇప్పుడు గడ్డంలో వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. లాంతరు వెలుగు గోడల మీద నిజంగా కదులుతోంది. కళ్ళు చెమర్చాయి. ఆ కళ్ళతోనే మొదటి అంతస్తులో మూడుసార్లు చచ్చాను. "అప్పటి రిమోటు వేరురా, ఇది చేతికి కుదరడం లేదు," అన్నాను. ఇంటర్ చదువుతున్న వాడి కూతురు మెల్లగా, "మామా, మీరు దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు," అంది.

చివరికి ఆ పిల్లే ఆడింది. గంటన్నరలో ఎద్దును చేరి, టకటకా మూడు దెబ్బలు కొట్టింది. తలుపు తెరుచుకుంది. లోపల చిన్న గది. ఒక ముసలామె కంచంలో అన్నం పెట్టుకుని ఎదురుచూస్తోంది. లాంతరాయన లాంతరు కింద పెట్టి, ఊది ఆర్పి, కంచం ముందు కూర్చున్నాడు. అంతే.

"మామా, ఏనుగులేవి?" అంది పిల్ల.

"ఇది కొత్తది కదమ్మా, మార్చేసి ఉంటారు," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. పిల్ల ఏదో మీట నొక్కింది. బొమ్మ మొత్తం పాత ఆటలా, చుక్కలు చుక్కలుగా మారిపోయింది. అదే గది, అదే ముసలామె, అదే కంచం. మా వాడు తెరను చూశాడు, నన్ను చూశాడు. వాడి చెయ్యి దానంతటదే తల మీదికి వెళ్ళింది.

"నేను ముగించలేదురా," అన్నాను. "రెండు దెబ్బలే పడ్డాయి. మూడోదానికి కరెంటు పోయింది."

"మరి ఏనుగులు?"

"నావే."

"ఆరూనా?"

"ఆరూ."

వాడు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. బిందెలో చెంబు ముంచిన చప్పుడైంది. లోపల వాడి భార్య, "ఏమాయ?" అంది. నా జీవితంలో అంత పొడుగాటి చెంబు నీళ్ళు ఎవరూ తాగలేదు. తిరిగొచ్చి మూతి తుడుచుకున్నాడు.

"అంటే నేను మొక్కు ముందే తీర్చేసినా. పని మాత్రం ఇంకా కాలేదు."

"ఒరే, నేనే పోయి గుండు కొట్టించుకుంటాను..."

"నీ తలలో ఏముండాది ఇచ్చేదానికి? ఆ కత్తాయన ఎతుక్కోవాల. స్వామి మీద తప్పు లేదు, నా మీదా లేదు. నిలబడిపోయింది నీకాడ. ఆ ఎద్దును నువ్వే కొట్టాల. అప్పుడే నా గుండు సరిపోయేది."

నేను తప్పించుకోలేదు. ఏడు ఆదివారాలు వెళ్ళాను. లాడ్జిలో వందమంది పనివాళ్ళూ యాత్రికులూ నా మాట వింటారు, అక్కడ మాత్రం పదహారేళ్ళ పిల్ల, "దూకండి మామా! ఇప్పుడు కాదు మామా! అయ్యో మామా!" అంటుంటే తల వంచుకుని దూకాను. ఏడో ఆదివారం ఎద్దు ఎదురుగా వచ్చింది. నా వెనక కుర్చీ పట్టుకుని నిలబడిన మా వాడు ఊపిరి పీల్చి, "స్వామీ, మా బావ గానీ..." అని మొదలుపెట్టాడు. "వద్దు!" అని భార్యా కూతురూ నేనూ ఒక్కసారే అరిచాం. ఆ అరుపులోనే మూడో దెబ్బ పడింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తలుపు తెరుచుకుంది. లాంతరాయన వచ్చి, లాంతరు ఆర్పి, కంచం ముందు కూర్చున్నాడు. వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"గుండు సరిపోయింది బావా," అన్నాడు. తెర వైపే చూస్తూ, "అయినా ఏనుగులుంటే బాగుండేది," అన్నాడు.

ఉక్కపోతలో, ఆగిపోయిన ఫ్యాను కింద కూర్చుని ఆ ఏనుగులను ఒక్కొక్కటిగా తోలుకొచ్చిన పదమూడేళ్ళవాడు గుర్తొచ్చాడు. వాడిని తిట్టాలనుకున్నాను, చేతకాలేదు. తెర మీది గదిని మరోసారి జాగ్రత్తగా చూశాను.

"ఆరు పట్టవురా," అన్నాను. "రెండైతే పడతాయి."